విలీనం మాట ముందే తేల్చుకోండి: నెల్లూరు, ప్రకాశం జిల్లాల రైతు, వ్యాపార సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పెద్దలకు నమస్కారాలు.

రైస్ మిల్లర్లు, ఆక్వా రైతులు, పొగాకు బ్యారన్ల (ఆకును ఆరబెట్టే గదుల) యజమానులు, నిమ్మ వ్యాపారులు కలిసి ఒక చిన్న రాజకీయ పార్టీ పెట్టాలని మీరు ఆలోచిస్తున్నారని తెలిసి సంతోషించాను. గత నెల జరిగిన సన్నాహక సమావేశంలో వెనక వరుసలో కూర్చుని అందరి మాటలూ విన్నాను. అక్కడ ఒక పెద్దమనిషి, "ముందు నాలుగు సీట్లు తెచ్చుకుందాం, తర్వాత ఏదో ఒక పెద్ద పార్టీలో కలిసిపోతే మన పనులు అవుతాయి" అన్నారు. చాలామంది తలలూపారు. ఆ రోజు లేచి మాట్లాడలేకపోయాను. ఆ మాట నన్ను నెల రోజులుగా వదలడం లేదు కాబట్టి ఈ లేఖ రాస్తున్నాను.

నేను కోవూరు ప్రాంతంలోని ఒక రైస్ మిల్లులో ముప్పై ఏళ్ళకు పైగా గుమాస్తాగా పనిచేసి రిటైరయిన వాణ్ణి. మా నాయనకు కనిగిరి రిజర్వాయరు కింద కొంత మాగాణి ఉండేది. 1967 ఎన్నికలప్పుడు నాకు పన్నెండేళ్ళు. ఆ ఏడు మా వీధి గోడల మీద ఎర్రమట్టితో గీసిన నక్షత్రం గుర్తు నాకు ఇంకా కళ్ళకు కట్టినట్టుంది. అది స్వతంత్ర పార్టీ గుర్తు. మీరు ఈనాడు చెబుతున్న మాటలన్నీ, అంటే రైతు భూమి రైతుదేనని, వ్యాపారి ప్రతి పనికీ ఆఫీసు గుమ్మం ఎక్కనక్కర్లేదని, పన్నులు తగ్గాలని, ప్రభుత్వం తన ఖర్చు చూసుకోవాలని, ఆ పార్టీ అరవై ఏళ్ళ కిందటే చెప్పింది. చెప్పి, లోక్‌సభలో ప్రధాన ప్రతిపక్షంగా ఎదిగి, పుట్టిన పదిహేనేళ్ళకే ఇంకొక పార్టీలో కలిసిపోయింది. మీరు నడవబోయే దారిలో ముందు నడిచిన వాళ్ళు వాళ్ళే. అందుకే వాళ్ళకు ఏమైందో మీరు ఒకసారి తెలుసుకోవాలని నా కోరిక.

1959 జనవరిలో నాగపూర్‌లో జరిగిన కాంగ్రెస్ మహాసభ, భూకమతాలను కలిపి ఉమ్మడి సహకార వ్యవసాయం చేయించాలని, ఆహార ధాన్యాల వ్యాపారాన్ని ప్రభుత్వం చేతుల్లోకి తీసుకోవాలని తీర్మానించింది. ఆ తీర్మానాన్ని గట్టిగా వ్యతిరేకించిన వారిలో మన నిడుబ్రోలు బిడ్డ ఆచార్య ఎన్.జి. రంగా గారు ఒకరు. ఆయన కాంగ్రెస్‌ను వదిలి బయటికి వచ్చారు. అప్పటికి ఎనభై ఏళ్ళున్న రాజాజీ (చక్రవర్తి రాజగోపాలాచారి), బొంబాయి నుంచి మినూ మసానీ ఆయనతో కలిశారు. 1959 జూన్‌లో మద్రాసులో పార్టీని ప్రకటించారు, ఆగస్టులో బొంబాయిలో సన్నాహక మహాసభ జరిపారు. రంగా గారు మొదటి అధ్యక్షులు, మసానీ ప్రధాన కార్యదర్శి. ప్రతి పనికీ సర్కారు అనుమతి కావలసిన పాలనకు పర్మిట్ - లైసెన్స్ - కోటా రాజ్యం అన్న మాటను దేశమంతటా వాడుకలోకి తెచ్చింది రాజాజీయే.

ఆ మాట మన జిల్లావాళ్ళకు ఎవరూ విప్పి చెప్పాల్సిన పని లేకపోయింది. అరవైల్లో ఒక్కొక్క రాష్ట్రం ఒక్కొక్క ఆహార జోన్ అయ్యాక, తరతరాలుగా మద్రాసుకు పోతున్న నెల్లూరు బియ్యం రాష్ట్ర సరిహద్దులోని తడ దాటాలంటే పర్మిట్ కావలసి వచ్చింది. పుట్టి (మా వైపు ధాన్యం కొలత) ధాన్యం ఎంతకు అమ్మాలో కళ్ళంలో తేలేది కాదు. మిల్లు ఆడించిన బియ్యంలో ప్రభుత్వం చెప్పినంత భాగం ప్రభుత్వం చెప్పిన ధరకు లెవీ కింద ఇవ్వాలి. ఆ లెవీ పద్ధతి 2015 దాకా సాగింది. నేను ఉద్యోగంలో చేరిన రోజు నుంచి రిటైరయ్యే రోజు దాకా నా చేతి కింద ఉన్న రిజిస్టర్లలో అన్నిటికంటే లావైనది లెవీ రిజిస్టరే. కొండపి, కందుకూరు, టంగుటూరు వైపు పొగాకు పండించేవాళ్ళకైతే నేటికీ బ్యారన్ రిజిస్ట్రేషన్ ఉంది, ఒక్కో బ్యారన్‌కు ఇంత అని కోటా ఉంది. కనుక మీ ఫిర్యాదు కొత్తదని, కల్పితమని నేను అనడం లేదు. ఆ ఫిర్యాదు న్యాయమైనదే.

స్వతంత్ర పార్టీ చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఆస్తి హక్కు కోసం చేసిన పోరాటం. జమీందారీలు రద్దయినప్పుడు వెంకటగిరి ఎస్టేటు రైతులకు మేలు జరిగింది, దాన్ని కాదనేవారు లేరు. అయితే 1964లో చేసిన 17వ రాజ్యాంగ సవరణ, జమీందారీ ఎస్టేట్లకు ఉద్దేశించిన నిర్వచనాన్ని రైత్వారీ భూములకు కూడా విస్తరించింది. కోవూరు తాలూకాలో సర్కారుకు నేరుగా శిస్తు కట్టుకుంటున్న పదెకరాల ఆసామి కూడా కాగితం మీద ఎస్టేటుదారుడి వరసలోకి వచ్చాడు. ఆ సవరణను పార్లమెంటులో రంగా గారు, స్వతంత్ర సభ్యులు పట్టుబట్టి ఎదిరించారు. బిల్లును ఆపలేకపోయారు. కానీ సొంతంగా సాగు చేసుకుంటూ భూపరిమితి లోపల ఉన్న భూమిని ప్రభుత్వం తీసుకుంటే మార్కెట్ ధరకు తగ్గకుండా పరిహారం ఇవ్వాలన్న రక్షణ అదే సవరణలో చేరింది. 1969లో పద్నాలుగు బ్యాంకులను జాతీయం చేసినప్పుడు సుప్రీంకోర్టుకు వెళ్ళి 1970లో తీర్పు తెచ్చుకున్న ఆర్.సి. కూపర్ కూడా ఆ పార్టీ మనిషే.

ఓట్ల లెక్కకు వస్తే, 1962లో మొదటిసారి పోటీ చేసి లోక్‌సభలో 18 స్థానాలు, దాదాపు ఎనిమిది శాతం ఓట్లు తెచ్చుకున్నారు. మన రాష్ట్ర శాసనసభలో 19 స్థానాలు వచ్చాయి. 1967లో లోక్‌సభ సంఖ్య 44కు పెరిగింది, ప్రతిపక్షాల్లో అదే పెద్ద పార్టీ. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 29 వచ్చాయి, ఇక్కడా కాంగ్రెస్ తర్వాతి స్థానం వాళ్ళదే. ఒరిస్సాలో ఆర్.ఎన్. సింగ్ దేవ్ ముఖ్యమంత్రిగా ప్రభుత్వమే ఏర్పడింది. గుజరాత్‌లో అధికారానికి దగ్గరదాకా వచ్చారు. ఎనిమిదేళ్ళ వయసున్న పార్టీకి ఇది తక్కువ సంగతి కాదు.

మరి నాలుగేళ్ళు తిరిగేసరికి, 1971లో, ఆ 44 కాస్తా 8కి ఎందుకు పడిపోయింది? ఇందిరాగాంధీ గాలి అని చెప్పి వదిలేయడం తేలిక. బ్యాంకుల జాతీయీకరణ, మాజీ రాజులకిచ్చే రాజభరణాలను రద్దు చేసే ప్రయత్నం, గరీబీ హటావో నినాదం బలంగా పనిచేసిన మాట నిజమే. 1969లో కంపెనీలు రాజకీయ పార్టీలకు విరాళాలు ఇవ్వడాన్ని నిషేధించడం కూడా ఈ పార్టీకి గట్టి దెబ్బే. 1961లోనే జె.ఆర్.డి. టాటా తమ సంస్థలు కాంగ్రెస్‌తో పాటు స్వతంత్రకూ విరాళం ఇవ్వబోతున్నాయని నెహ్రూకు బహిరంగంగా చెప్పి మరీ ఇచ్చిన చరిత్ర ఉంది. అలాంటి డబ్బు మీద నడిచిన పార్టీకి ఆ కాలువ మూసుకుపోతే పొలం ఎండక ఏమవుతుంది?

అయినా అసలు లోపం ఇంకా లోపల ఉందని నా అభిప్రాయం. ఆ పార్టీ చాలాచోట్ల సొంత విత్తనం వేసి పండించుకోలేదు, పండిన పైరును తెచ్చి తన పొలంలో నాటుకుంది. బీహార్‌లో రామగఢ్ రాజా తన పార్టీని మొత్తంగా తెచ్చి స్వతంత్రలో కలిపితే, 1962లో అక్కడ ఒక్కసారిగా పెద్ద ప్రతిపక్షం అయింది. కొద్దికాలానికే ఆయన తన వాళ్ళను తీసుకుని వెళ్ళిపోతే అక్కడి పార్టీ కుప్పకూలింది. ఒరిస్సాలో గణతంత్ర పరిషత్ అనే ప్రాంతీయ పార్టీ ఇలాగే వచ్చి కలిసింది. రాజస్థాన్‌లో జైపూర్ మహారాణి గాయత్రీదేవి గారి పేరు మీద ఓట్లు వచ్చాయి. కలుపుకోవడం వల్ల వచ్చిన బలం విడిపోవడంతో పోయింది. విలీనం అనే మాట ఆ పార్టీకి 1974లో కొత్తగా ఎదురైంది కాదు, పుట్టిన నాటి నుంచీ దాని పెరుగుదలలోనే ఉంది. దీనికి భిన్నంగా, గుజరాత్‌లో భాయీలాల్‌భాయ్ పటేల్ వంటివారు ఊరూరా రైతుల మధ్య పనిచేసి కట్టిన పార్టీ 1967 నాటికి గట్టిగా నిలబడింది. మీ సమావేశంలో, ఫలానా మాజీ ఎమ్మెల్యే తన వర్గంతో సహా వస్తానంటున్నాడని ఒకరు ఎంతో ఆనందంగా చెప్పారు. వచ్చినవాడు ఎలా వచ్చాడో అలాగే వెళతాడని దయచేసి గుర్తుంచుకోండి.

రంగా గారి జీవితంలోనే ఈ పాఠం రెండుసార్లు కనిపిస్తుంది. ఆయన 1951లో కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. 1955 ఆంధ్ర రాష్ట్ర ఎన్నికల్లో కమ్యూనిస్టులను ఎదుర్కోవడానికి అది, ప్రకాశం పంతులు గారి ప్రజాపార్టీ, కాంగ్రెస్‌తో కలిసి ఐక్య కాంగ్రెస్ సంఘటనగా పోటీ చేశాయి. గెలిచాయి కూడా. మన బుచ్చిరెడ్డిపాళెంలో పుట్టిన బెజవాడ గోపాలరెడ్డి గారు ముఖ్యమంత్రి అయ్యారు. ఆ తర్వాత కృషికార్ లోక్ పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయింది. నాలుగేళ్ళు తిరక్కుండానే అదే కాంగ్రెస్ ఉమ్మడి వ్యవసాయం తీర్మానం చేస్తే, రంగా గారు మళ్ళీ బయటికి వచ్చి మొదటి నుంచి మొదలుపెట్టవలసి వచ్చింది. ఆయన చిత్తశుద్ధిని నేను శంకించడం లేదు. నిడుబ్రోలులో రైతుల పిల్లలకు రాజకీయ విద్య నేర్పడానికి పాఠశాల పెట్టిన మనిషి ఆయన. కానీ సొంత ఇల్లు పడగొట్టుకుని పరాయి ఇంట్లో చేరితే, అక్కడి పెద్ద మాటే చెల్లుతుందన్నది ఆయన అనుభవం మనకు చెబుతోంది.

ఇక 1974 సంగతి. 1972 డిసెంబరు 25న రాజాజీ కన్నుమూశారు. ఓటమి తర్వాత మసానీ నాయకత్వం నుంచి తప్పుకున్నారు. రంగా గారు కాంగ్రెస్ వైపు వెళ్ళిపోయారు. పీలూ మోడీ అధ్యక్షతన మిగిలిన పార్టీ 1974 ఆగస్టులో చరణ్ సింగ్ నాయకత్వంలోని భారతీయ లోక్‌దళ్‌లో కలిసింది. రాజ్‌నారాయణ్ వర్గపు సోషలిస్టులు, బిజూ పట్నాయక్ ఉత్కళ్ కాంగ్రెస్ కూడా అందులోనే చేరాయి. ఆ కలయికలో కొంత సబబు లేకపోలేదు. నాగపూర్‌లో ఉమ్మడి వ్యవసాయాన్ని చరణ్ సింగ్ కూడా నెహ్రూ ఎదుటే వ్యతిరేకించారు. రైతు స్వామ్యం మీద ఇద్దరిదీ ఒకే మాట. కానీ పెద్ద పరిశ్రమ మీద, స్వేచ్ఛా వ్యాపారం మీద చరణ్ సింగ్‌కు ఎన్నడూ నమ్మకం లేదు, ఇక సోషలిస్టుల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఉమ్మడి శత్రువు ఒకరున్నారన్నది తప్ప వారందరినీ కలిపి ఉంచే తాడు లేదు.

తర్వాత జరిగింది మీరు దయచేసి నిదానంగా చదవండి. 1977లో లోక్‌దళ్ జనతా పార్టీలో కలిసింది. చక్రంలో నాగలి పట్టిన రైతు గుర్తు, అంటే లోక్‌దళ్ గుర్తు మీదే జనతా పోటీ చేసి కేంద్రంలో అధికారంలోకి వచ్చింది. మన రాష్ట్రంలో 42 లోక్‌సభ స్థానాల్లో నంద్యాల ఒక్కటే ఆ పార్టీకి దక్కింది. ఆ జనతా ప్రభుత్వమే 1978లో 44వ రాజ్యాంగ సవరణ తెచ్చి ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల జాబితా నుంచి తొలగించింది. ఆస్తి హక్కు కోసమే పుట్టిన పార్టీ, విలీనమైన నాలుగేళ్ళకు, తాను ఎవరిలో కలిసిందో ఆ ప్రభుత్వం చేతుల మీదుగానే ఆ హక్కు పోవడం చూసింది. చూసిందని కూడా అనలేం, చూడటానికి అప్పటికి ఆ పార్టీయే లేదు. అదే ప్రభుత్వం చిన్న పరిశ్రమలకే రిజర్వు చేసిన వస్తువుల జాబితాను 180 నుంచి 500 దాటించింది. లైసెన్సులు తగ్గించాలని పదిహేనేళ్ళు కేకలు వేసిన వారి వారసత్వం ఇలా ముగిసింది.

మా నాయన 1979లో ఒక సాయంత్రం మిల్లు దగ్గరికి వచ్చి, పేపర్లో ఆ సవరణ అమల్లోకి వచ్చిందన్న వార్త చూపించి, "మనం నక్షత్రానికి ఓటేసింది దీనికేనా?" అని అడిగాడు. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆయన చదువుకున్నది ఐదో తరగతే అయినా ఆ ప్రశ్న సరైనది.

చివరకు పారిశ్రామిక లైసెన్సుల్లో చాలా భాగం రద్దయింది 1991 జులైలో. చేసింది పి.వి. నరసింహారావు గారి కాంగ్రెస్ ప్రభుత్వం. ఇందులో నాకు సంతోషమే ఉంది తప్ప అసూయ లేదు. కానీ ఆ పని జరిగిన తీరులో ఒక వెలితి ఉంది. కర్మాగారాలకు తలుపులు తెరుచుకున్నాయి, ధాన్యం రైతుకూ పొగాకు రైతుకూ అంతగా తెరుచుకోలేదు. ఆ రోజు పార్లమెంటులో రైతు స్వేచ్ఛను, వ్యాపారి స్వేచ్ఛను ఒకే సూత్రం కింద మాట్లాడే పార్టీ ఒకటి మిగిలి ఉంటే ఇంతకంటే మేలు జరిగేదని నేను నమ్ముతున్నాను.

ఇప్పుడు మీ సంగతి. చట్టం మీకు తెలిసే ఉంటుంది, అయినా రెండు విషయాలు చెప్పవలసి ఉంది. ప్రజాప్రాతినిధ్య చట్టం 29-ఏ సెక్షన్ ప్రకారం, పార్టీ ఏర్పడిన 30 రోజుల లోపల ఎన్నికల సంఘానికి దరఖాస్తు చేయాలి. రాజ్యాంగానికి, సోషలిజం, లౌకికవాదం, ప్రజాస్వామ్యం అనే సూత్రాలకు విధేయత ప్రకటిస్తున్నామని పార్టీ నియమావళిలో రాసుకోవాలి. సోషలిజం అనే మాట మీద అభ్యంతరంతో స్వతంత్ర పార్టీ మహారాష్ట్ర శాఖలో విలీనం తర్వాత కూడా మిగిలినవారు బొంబాయి హైకోర్టుకు వెళ్ళారు. మీరు ఆ మాటకు సంతకం పెట్టే ముందు దాని అర్థం మీ సభ్యులతో చర్చించండి. పెట్టాక, మాకు తెలియదనడం బాగుండదు.

రెండోది ఇంకా ముఖ్యమైనది. ఫిరాయింపుల చట్టం, అంటే పదో షెడ్యూలు, విలీనాన్ని గుర్తించేటప్పుడు సభలో ఉన్న సభ్యుల్లో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకున్నారా లేదా అనే చూస్తుంది. గ్రామంలో చందా కట్టిన సభ్యుడి మాట ఆ లెక్కలోకి రాదు. మీ పార్టీకి ముగ్గురు ఎమ్మెల్యేలు గెలిచారనుకోండి, వారిలో ఇద్దరు ఒక రాత్రి నిర్ణయించుకుంటే మీ జెండా మర్నాటికి ఇంకొకరి గోదాములో ఉంటుంది. 2009లో 18 మంది శాసనసభ్యులను గెలిపించుకున్న ప్రజారాజ్యం 2011లో కాంగ్రెస్‌లో కలిసినప్పుడు, మా ఊళ్ళో ఆ జెండా మోసిన కుర్రవాళ్ళు ఎలా తల్లడిల్లారో నేను చూశాను. చట్టం అడగకపోయినా మీ నియమావళి అడగవచ్చు. సభ్యుల్లో ఇంతమంది మండలాల వారీగా ఓటు వేసి ఒప్పుకుంటే తప్ప విలీనం చెల్లదని, అలా కాకుండా వెళ్ళినవారు పార్టీ పేరును, ఆస్తులను, గుర్తును వాడుకోరాదని రాసుకోండి. అది కోర్టులో ఎంతవరకు నిలుస్తుందో వకీళ్ళను అడగండి. పూర్తిగా నిలవకపోయినా, వెళ్ళేవాడు మీ ముఖం చూడవలసి వస్తుంది.

స్వతంత్ర పార్టీ 21 మూల సూత్రాల్లో చివరిదాన్ని కూడా మీరు తప్పక తీసుకోవాలని నా మనవి. మూల సూత్రాలకు సంబంధించని విషయాల్లో సభ్యులకు పూర్తి అభిప్రాయ స్వేచ్ఛ ఉంటుందని అది చెప్పింది. దీనివల్ల పార్టీ వదులుగా మారిందని కొందరు అప్పుడూ విమర్శించారు. నాకైతే అదే ఆ పార్టీలోని గౌరవం. ఇరవై సూత్రాలు రాసుకుని వాటి దగ్గర కదలకుండా నిలబడి, మిగతా విషయాల్లో మనిషిని మనిషిగా వదిలేయడం మన జిల్లాల రాజకీయాల్లో ఎవరూ చేసి చూడలేదు.

ఇంకొక్క మాట చెప్పాలి, ఇది కొందరికి నచ్చకపోవచ్చు. స్వతంత్ర పార్టీని జమీందార్ల, కోటీశ్వరుల పార్టీ అన్నారు. ఆ మాట పూర్తిగా న్యాయం కాదు, కానీ అంటుకుంది. అంటుకోవడానికి కారణం ఆ పార్టీయే ఇచ్చింది. కౌలుదారు గురించి, కూలి గురించి అది మాట్లాడింది చాలా తక్కువ. మీ సమావేశంలో మూడు గంటల సేపు లైసెన్సులు, కరెంటు చార్జీలు, రొయ్యల మేత ధర, ఎగుమతి సుంకాల గురించి మాట్లాడారు. కోవూరు, ఇందుకూరుపేట మండలాల్లో నాట్లు వేసేవారిలో ఎక్కువమంది కౌలు రైతులే అన్న సంగతి ఎవరి నోటా రాలేదు. సొంత పేరు మీద పాసు పుస్తకం లేని కౌలు రైతు బ్యాంకు గుమ్మం ఎక్కలేక దళారి దగ్గర అప్పు తెచ్చి, కళ్ళంలోనే పుట్టి చొప్పున అతనికే అమ్ముకుంటున్నాడు. అతనికి లేనిది వ్యాపార స్వేచ్ఛే కదా? మిల్లులో బస్తా మోసే హమాలీ రేపు చిన్న కొట్టు పెట్టుకోవాలంటే ఎన్ని ఆఫీసులు తిరగాలి? మీ సూత్రం వాళ్ళకు కూడా వర్తిస్తేనే అది సూత్రం అవుతుంది. వర్తించకపోతే అది మీ సంఘం కోరికల చిట్టాగా మిగిలిపోతుంది. చిట్టా కోసం ఎవరూ గోడ మీద నక్షత్రం గీయరు.

తదుపరి సమావేశానికి గుర్తు ఎంపిక, జెండా రంగు అజెండాలో మొదటి అంశాలుగా ఉన్నాయని విన్నాను. వాటిని వెనక్కి జరిపి, విలీనానికి సంబంధించిన నియమాన్ని మొదటి అంశంగా పెట్టవలసిందిగా కోరుతున్నాను. దానితో పాటు కోవూరు, ఇందుకూరుపేట నుంచి కౌలు రైతులను, నెల్లూరు మిల్లుల నుంచి హమాలీలను, కొండపి నుంచి బ్యారన్ కూలీలను కూడా పిలవండి. వాళ్ళు కూర్చోవడానికి ముందు వరుసలో కుర్చీలు వేయండి. నేను మా నాయన కాలం నాటి కొన్ని కరపత్రాలు, నా పాత లెవీ రిజిస్టరు ఒకటి తీసుకొస్తాను. ఈసారి లేచి మాట్లాడతాను.

ఇట్లు,
కోవూరు నుంచి ఒక రిటైర్డ్ రైస్ మిల్లు గుమాస్తా